అంక్చువస్ అనిపించుకున్న మనిషి

ఆ హోటల్ మేనేజరుకి అమ్మానాన్నా పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. పనివాళ్లెవరూ దాన్ని వాడిన పాపాన పోలేదు. చాటుగా అందరికీ ఆయన చిత్తం గారే. ఎవరేం చెప్పినా ఆయన నోట ముందు వచ్చే మాట అదే మరి.

"కాఫీ చల్లారిపోయిందయ్యా" అని ఓ అతిథి విసుక్కుంటే, "చిత్తం. ఇంత పెద్ద తప్పుని ఇంత చిన్న గొంతుతో చెప్పే పెద్దమనిషిని ఇవాళే చూస్తున్నా సార్" అనేవారు.

"గదిలో దోమలున్నాయి" అంటే, "చిత్తం. మంచి రక్తం ఎక్కడుందో వాటికి తెలిసినట్టు మనుషులకి తెలియదు సార్" అనేవారు.

అరవడానికి వచ్చినవాడు తెరిచిన నోటిని ఏం చెయ్యాలో తెలీక నవ్వేసి గదికి వెళ్లిపోయేవాడు. దోమలు మాత్రం అక్కడే ఉండేవి.

ఆయన నడుములో దేవుడు ఎముకలకి బదులు ఎలాస్టిక్ పెట్టాడని హోటల్ వంటమాస్టారి నమ్మకం. తలుపు తీసేటప్పుడు ఒక వంగుడు, పెట్టె అందుకునేటప్పుడు ఇంకో వంగుడు, బిల్లు ఇచ్చేటప్పుడు ఆ రెండూ కలిపి మరో వంగుడు. అయితే ఊరికే అనకూడదు, పనిలో ఆయన గట్టివాడే. ఎప్పుడో ఒకసారి వచ్చి పోయినవాళ్ల మోకాళ్ల నొప్పులు, వాళ్ల కుక్కకి చేసిన ఆపరేషన్, వాళ్ల చిన్నకోడలు అలిగి పుట్టింటికి వెళ్లిన సంగతి, అన్నీ ఆయనకి గుర్తే. మళ్లీ వచ్చినప్పుడు తలుపు దగ్గరే పరామర్శ మొదలయ్యేది. వాళ్లూ పొంగిపోయేవాళ్లు. కాకపోతే ఆయనతో కరచాలనం చేశాక కొందరు మెల్లిగా చేతిని ప్యాంటుకి తుడుచుకునేవాళ్లు. అది చిత్తం గారి కంట పడలేదు. వంగి ఉండేవారు కదా.

హోటల్ యజమాని ఒకప్పుడు లారీలు తిప్పిన మనిషి. అందరూ పెద్దాయన అనేవాళ్లు. ఇంగ్లీషు విషయంలో ఆయన పద్ధతి పోలీసుల విషయంలో ఉన్నట్టే ఉండేది: ఎదురుపడితే నమస్కారం పెట్టాలి, పని లేకుండా దగ్గరికి పోకూడదు.

ఒకరోజు ఆ హోటల్లో ఒకావిడ దిగింది. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, చిన్న సూట్‌కేసు, మితమైన మాట. ఊరూరూ తిరిగి హోటళ్ల గురించి పత్రికలకి రాస్తుందని తెలిసింది. ఇంకేముంది, చిత్తం గారు ఆవిడని నీడలా పట్టుకున్నారు. నిజానికి నీడ నయం, లిఫ్టులోకి వెళ్తే వదిలేస్తుంది. ఆవిడ తుమ్మితే డాక్టర్ని పిలిపించారు. పేపరు చదువుతుంటే పక్కన నిలబడి, "తమ చేతిలో పడితే పాత వార్త కూడా కొత్తగా ఉంటుంది మేడమ్" అన్నారు. ఆవిడ ఆమ్లెట్ వద్దంటే ఆ నిర్ణయాన్ని మెచ్చుకున్నారు. మర్నాడు ఆమ్లెట్ కావాలంటే ఆ నిర్ణయాన్ని కూడా మెచ్చుకున్నారు.

వెళ్లేరోజున ఆవిడ కారెక్కబోతూ, సాగనంపడానికి వచ్చిన పెద్దాయనకేసి తిరిగింది. చిత్తం గారు అప్పటికే కారు తలుపు పట్టుకుని సగానికి మడతపడి ఉన్నారు. ఆవిడ ఇంగ్లీషులో అన్న మాట ఇది: "ఎన్నో దేశాల్లో ఎన్నో హోటళ్లు చూశాను. ఇంత అంక్చువస్ మనిషిని మాత్రం నా జన్మలో చూడలేదు."

కారు వెళ్లిపోయింది. హోటళ్లు, దేశాలు, జన్మలో చూడకపోవడం, ఇంతవరకు పెద్దాయనకి అర్థమైంది. మధ్యలో ఉన్న ఆ ఒక్క మాట మాత్రం గొంతులో ముల్లులా ఆగింది.

"విన్నారా మేనేజరు గారూ?"

"చిత్తం. తమ పెంపకం."

"ఆ మాట... చాలా పెద్ద మాట కదూ?"

"తమకి తెలియనిదా!"

తెలియదని ఆయన అనలేదు. తెలియదని ఈయనా అనలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, తెలిసినవాళ్లలా తలూపుకున్నారు.

లోపలికి రాగానే చిత్తం గారు స్టోర్‌రూములోకి దూరి ఫోన్లో నిఘంటువు తీశారు. మొదటి అర్థం: నూనెలా జిడ్డుగా ఉండే. ఆయన మొహం కాస్త మాడింది. రెండో అర్థం: ఆహారపదార్థాల విషయంలో, వెన్నలా కమ్మగా నోట్లో కరిగిపోయే. మొహం వికసించింది. కింద మూడోదేదో ఉంది గానీ ఇంతలో గంట మోగింది, అతిథులొచ్చారు. ఆయన ఫోను జేబులో పడేసి పరిగెత్తారు. వెన్నలా కరిగిపోయే మనిషి! ఇంతకంటే ఏం కావాలి?

గుమ్మంలోంచి ఆ మాట విన్న రిసెప్షన్ అమ్మాయి మాత్రం మూడో అర్థం దాకా చదివింది. చదివి, ఫోను సొరుగులో పెట్టి, కాసేపు సీలింగుకేసి చూసింది. ఆ మధ్యాహ్నం హోటల్ వంటింట్లోంచి వినబడ్డ నవ్వులకి గిన్నెలు కూడా అదిరాయి. అర్థం తెలియకముందు వంటమాస్టారు అది ఏనుగుని పొడిచే అంకుశం అనుకున్నాడట. తెలిశాక, "అంకుశమే నయం, ఏనుగుకి కనీసం నొప్పి తెలుస్తుంది" అన్నాడు. పిల్లి మెడలో గంట కట్టే పని ఎవరూ పెట్టుకోలేదు.

వారం తిరక్కుండానే హోటల్ ముందు బోర్డు లేచింది. అందులో చేతులు జోడించి వంగిన చిత్తం గారి నిలువెత్తు ఫోటో, దాని కింద ఎర్రటి అక్షరాలతో ‘మా మేనేజర్ అంక్చువస్! మా సేవ అంక్చువస్!’ అని రాసి ఉంది. చదువుకున్నవాళ్లు కారాపుకుని ఆ బోర్డు పక్కన నిలబడి ఫోటోలు దిగసాగారు. పెద్దాయన మేడమీద కిటికీలోంచి ఆ గుంపుని చూసి మీసం సవరించుకునేవాడు. చిత్తం గారు కిందికి పరిగెత్తి, ఫోటో తీసేవాళ్లకి వెలుతురు ఎటుందో చూపించేవారు.

రోజూ పొద్దున్నే పనివాళ్లకి క్లాసు కూడా మొదలైంది. "అంక్చువస్‌గా ఉండటమంటే ఏంటమ్మా? కరగడం! అతిథి వేడిగా వస్తాడు, మనం కరిగిపోవాలి. ఏదీ, కరుగు." రిసెప్షన్ అమ్మాయి కరిగేది. వంటమాస్టారు కరగబోయి తుమ్మేవాడు.

ఇలా ఆయన ఆకాశంలో విహరిస్తుండగా మామగారి పుట్టినరోజు వచ్చింది. ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చున్నారు. ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి: చిత్తం గారి తోడల్లుడు. భార్య అక్కగారి భర్త. కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. మందు సీసా మీద స్పెల్లింగు తప్పు దిద్దాకగానీ మందు వేసుకోని రకం. టీవీలో వార్తలు చదివే అమ్మాయిని దిద్దేవాడు, వీధిలో నేమ్‌ప్లేట్లని దిద్దేవాడు, ఇంట్లో భార్య నిట్టూర్పుని కూడా దిద్దేవాడేమో. చిత్తం గారి ఉద్యోగం మాటొస్తే ముక్కుతో నవ్వి, "మనవాడిది సేవారంగం" అనేవాడు. ఇన్నేళ్లుగా ఆ ముక్కునవ్వు కింద నలిగిన చిత్తం గారికి ఆరోజు తన రోజనిపించింది. కొత్తగా వేయించిన విజిటింగ్ కార్డుల్లోంచి ఒకటి తీసి, రెండు చేతులతో అందించారు.

"అన్నయ్యగారూ, ఏదో తమ ఆశీర్వాదం. ఒక పత్రికావిడ ఇచ్చిన బిరుదు."

లెక్చరరు నోట్లో సూప్ ఉంది. కార్డు చదివాడు. సూప్ ముక్కులోంచి వచ్చింది. కళ్లనీళ్లు తుడుచుకుని, "తమ్ముడూ, దీని అర్థం తెలిసే అచ్చు వేయించావా?" అన్నాడు.

"తెలియకేం. వెన్నలా కరిగేవాడని."

"ఒరేయ్ వెన్నా!" అంటూ లెక్చరరు మళ్లీ నవ్వాడు. తరవాత లేచి నిలబడ్డాడు. నల్లబల్ల ఒక్కటే తక్కువ. "అందరూ వినండి. పదార్థానికి వాడితే జిడ్డుగలది, వెన్నలాంటిది. అంతవరకు సరే. మనిషికి వాడితే? ఇచ్చకాలు కారిపోయేవాడు. దొంగవినయం ఒలకబోసేవాడు. చెయ్యి తగిలితే సబ్బు పెట్టి కడుక్కోవాలనిపించేవాడు. ఇది మెచ్చుకోలు కాదు, తిట్టు. చదువుకున్నవాళ్లు తిట్టే తిట్టు. ఇప్పుడు ప్రయోగం చెప్తాను: ఆ అంక్చువస్ నౌకరు యజమాని చెప్పులు మోస్తూ ఆయన నడకని పొగిడాడు. ఇంకో ప్రయోగం..."

"ఒకటి చాలు బావా" అంది చిత్తం గారి భార్య.

చిత్తం గారి చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. తల కొట్టేసినట్టయింది. దానికి తోడు అత్తగారు, పాపం ఏ కల్మషమూ లేకుండానే, "దీనికి ఇంగ్లీషెందుకురా నాయనా! సంబంధం మాట్లాడటానికి వచ్చిన రోజున మన గుమ్మంలో డోర్‌మ్యాట్ ఎంత మెత్తగా ఉందో అని మెచ్చుకున్నాడు చూడు, అప్పుడే నేను మీ మామగారితో అన్నాను" అంది.

"అన్నావు" అన్నారు మామగారు కేకు కోస్తూ.

అందరూ నవ్వారు. నవ్వనిది ఒక్క చిత్తం గారి భార్యే. "బావా, పోయినేడు మీ కాలేజీవాళ్ల పార్టీకి ఎక్కడా హాలు దొరక్క మా ఆయన రెండు చేతులూ పట్టుకున్నావు కదా. అప్పుడు ఏ సబ్బుతో కడుక్కున్నావు?"

"అది వేరు" అన్నాడు లెక్చరరు, కాస్త తగ్గి.

"అవును, వేరే. అప్పుడు నువ్వు ఇంగ్లీషు మాట్లాడలేదు."

తిరుగుదారిలో కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చిత్తం గారు మెల్లిగా, "నీకు ముందే తెలుసా?" అన్నారు.

"ఆ మాట తెలియదు. మనిషి తెలుసు."

"మరి ఎప్పుడూ అనలేదే?"

"ఎప్పుడనాలి? అక్కడ పరాయివాళ్ల దోమల్ని కూడా పొగిడి పొగిడి, ఇంటికొచ్చేసరికి మీ దగ్గర మాటలు అయిపోతాయి. నాకు మిగిలేది ఆవలింతే. దాంట్లో జిడ్డేమీ లేదు, నిజం చెప్పాలంటే."

ఆ మాట తోడల్లుడి మాటకంటే లోతుగా దిగింది.

మర్నాడు చిత్తం గారు కొత్త మనిషిగా హోటల్లో అడుగుపెట్టారు. అంటే, నిటారుగా. ముందు రిసెప్షన్ దగ్గర ఆగారు.

"అమ్మాయ్, ఆ మాటకి అర్థం నీకు ముందే తెలుసా?"

ఆ అమ్మాయి తల దించుకుంది. "తెలుసు సార్."

"వంటింట్లో వాళ్లకి?"

"అందరికీ తెలుసు సార్."

"ఒక్కరైనా నాకు చెప్పాలని అనిపించలేదా?"

"మీరే కదా సార్ నేర్పించింది. పెద్దవాళ్లకి నచ్చని మాట చెప్పకూడదని. కరిగిపోవాలని."

ఆరోజంతా ఆయన పొడిగా ఉండాలని నిశ్చయించుకున్నారు. ముందుగా దిగివచ్చిన అతిథి, ఎప్పుడూ వచ్చే సిమెంటు వ్యాపారి, "మేనేజరూ, గదిలో దోమలున్నాయయ్యా" అన్నాడు, ఏదో తియ్యని మాట వస్తుందని మొహం సిద్ధం చేసుకుని.

"ఉన్నాయి" అన్నారు చిత్తం గారు.

వ్యాపారి ఇంకా ఎదురుచూశాడు. "అంతేనా?"

"అంతే. మురుక్కాలవ పక్కన ఉన్న గది. మందు కొట్టిస్తాను."

నిజానికి ఆ హోటల్ పుట్టాక దోమల గురించి ఎవరైనా అన్న మొదటి పనికొచ్చే మాట అదే. మందు కొట్టించారు కూడా. కానీ సిమెంటు వ్యాపారి నేరుగా పెద్దాయన దగ్గరికి వెళ్లి, మీ మేనేజరుకి పొగరెక్కిందని ఫిర్యాదు చేశాడు. మధ్యాహ్నానికి ఇంకో ముగ్గురు చేశారు. ఒకావిడైతే, "ఆయనకి ఒంట్లో ఏమైనా పెద్ద జబ్బా? నన్ను చూసి మామూలుగా మాట్లాడాడు" అని కంగారుపడింది.

పెద్దాయన పిలిపించాడు. గదిలోకి వెళ్లేదాకా చిత్తం గారు చెప్పాల్సింది లోపల వల్లె వేసుకుంటూనే ఉన్నారు. యజమాని వేయించిన బోర్డు తప్పని యజమానికే చెప్పాలి. జీవితంలో ఎన్నడూ చెయ్యని పని. ముందు నుయ్యి, వెనక గొయ్యి, నోట్లో చిత్తం.

"ఏమైంది మేనేజరు గారూ మీకు?"

"అయ్యా, ఆ బోర్డు..."

"బ్రహ్మాండంగా ఉంది కదూ?"

"చిత్తం" అనేశారు. పళ్లు కరుచుకుని మళ్లీ మొదలుపెట్టారు. "అయ్యా, ఆ మాట తిట్టు. జిడ్డుమనిషి అని. ఇచ్చకాలవాడని. ఆవిడ మనల్ని మెచ్చుకోలేదు. బోర్డు తీయించండి."

చెప్పేశారు. పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"నాకు తెలుసు" అన్నాడు.

"తమకా?"

"బోర్డు పెట్టిన మర్నాడే మా మనవరాలు చెప్పింది. మొదట నాకూ మండింది. తరవాత ఆలోచించాను. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్నారు పెద్దలు. నా జీవితమంతా లారీలతో గడిచింది. ఇరుసుకి గ్రీజు పెట్టేవాణ్ణి జిడ్డోడా అని తిట్టినవాడు ఒక్కడూ బండి నడపలేడు. మీరు నాకు గ్రీజు. అందులో తప్పేముంది?"

"జనం నవ్వుతున్నారు అయ్యా."

"నవ్వనీండి. నవ్వుతూ ఆగుతున్నారు, ఆగి కాఫీ తాగుతున్నారు. అయినా వాళ్లు నవ్వేది మిమ్మల్ని చూసి కదా, నన్ను కాదుగా!"

చిత్తం గారికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఏదో అనాలి. ఇన్నేళ్లలో మొదటిసారి గట్టిగా ఏదో అనాలి. నోరు తెరిచారు. అలవాటు కొద్దీ అందులోంచి వచ్చింది ఇది: "చిత్తం. ఎంత దూరాలోచన అయ్యా తమది!"

బయటికొచ్చి వరండాలో నిలబడి జేబురుమాలుతో మూతి గట్టిగా తుడుచుకున్నారు. పెదాలు ఎర్రబడ్డాయి గానీ లోపలిది పోలేదు. ఆ వరండాలోనే వెనకనుంచి పెద్దాయన గొంతు వినబడింది: మేడమీద కొత్తగా కట్టిన హాలుకి పేరు ఖాయమైందట, అంక్చువస్ హాల్.

ఇక్కడినుంచి ఆ మాట ఎవరి చేతుల్లోనూ లేకుండా పోయింది. బోర్డు చూసి చూసి ఊరివాళ్లకి అది అలవాటైపోయింది. అర్థం తెలిసినవాళ్లు పదిమంది, తెలియనివాళ్లు పదివేలమంది. గెలుపు ఎవరిదో చెప్పక్కర్లేదు. కుర్రాళ్లు కొత్త మోటార్‌సైకిల్ని చూసి, "అంక్చువస్‌గా ఉందిరా" అనసాగారు. పక్కవీధి టైలరు తన కొట్టు అద్దం మీద ‘అంక్చువస్ కుట్టు’ అని రాయించుకున్నాడు. ఒక పళ్ల డాక్టరు కూడా, బాగా చదువుకున్నవాడే, పేషెంట్లు అడుగుతున్నారని వేయించుకున్నాడట. చిత్తం గారు దార్లో ఎదురైతే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా గౌరవంగా నమస్కారం పెట్టేవాళ్లు. ఆయన బదులు నమస్కారం పెట్టేవారు గానీ మెడ వరకే వంచేవారు. హోటల్లో వంగేవారు, అది జీతం. బయట మానేశారు.

హాలు ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథిగా కాలేజీ ప్రిన్సిపాల్ మేడమ్‌ని పిలిచారు. కాలేజీ పార్టీలన్నీ ఇకమీద ఇక్కడే జరగాలని పెద్దాయన ఎత్తు. మేడమ్ లెక్కల మనిషి. గట్టి గొంతు, తప్పు ఒప్పుకోని కళ్లజోడు. ఆవిడ వెనకాలే సంచీ, శాలువా, మంచినీళ్ల సీసా మోసుకుంటూ ఇంగ్లీషు లెక్చరరు వచ్చాడు. తలుపు దగ్గర చిత్తం గారు ఎదురైనా, లెక్చరరు ఆయన్ని చూడనట్టే గోడమీది గడియారాన్ని చూశాడు. ఆ ఏడాది కాలేజీలో వైస్ ప్రిన్సిపాల్ కుర్చీ ఖాళీ అవుతోందన్న సంగతి ఊరందరికీ తెలిసిందే.

రిబ్బను కత్తిరించారు. చప్పట్లు కొట్టారు. మేడమ్ మైకు ముందు నిలబడింది.

"నాకు ఈ హాలు పేరు ఎంతో నచ్చింది. మా కాలేజీ కూడా అంక్చువస్‌గా ఉండాలని నేను ఎప్పుడూ చెప్తూ ఉంటాను. ఒక ప్రిన్సిపాల్‌గా నేను ఈ ఊళ్లో అందరికంటే అంక్చువస్ అని మా స్టాఫ్ అంటూ ఉంటారు." స్టాఫ్ చప్పట్లు కొట్టారు. "అయితే నేను లెక్కల దాన్ని. ఈ మాట లోతు చెప్పడానికి మా ఇంగ్లీషు మాస్టారు ఉండనే ఉన్నారు. ఏమండీ, లేచి నాలుగు ముక్కల్లో చెప్పండి. పిల్లలు కూడా విని రాసుకుంటారు."

హాలంతా లెక్చరరుకేసి తిరిగింది. ఆయన లేచాడు. చేతిలో మంచినీళ్ల సీసా ఉంది. తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాడు. చిత్తం గారు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. ఇద్దరి చూపులూ కలిశాయి. లెక్చరరు మేడమ్‌కేసి తిరిగాడు.

"అది... మేడమ్..." అన్నాడు. "చాలా ప్రాచీనమైన పదం. మృదువైన మనసు... అందరినీ కలుపుకుపోయే గుణం... సుగంధ తైలంలాగా తానున్న చోటల్లా పరిమళించే వ్యక్తిత్వం. నిజానికి ఇది అందరికీ వాడకూడదు మేడమ్. తమలాంటివాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు గనకే ఇంగ్లీషువాళ్లకి ఈ మాట పుట్టించాల్సి వచ్చింది."

మేడమ్ కళ్లజోడు మెరిసింది. "ఒక ప్రయోగం కూడా చెప్పండి."

"మా అంక్చువస్ ప్రిన్సిపాల్ నీడలో మేమంతా చల్లగా ఉన్నాం" అన్నాడు లెక్చరరు. అని, వంగాడు.

హాలు చప్పట్లతో మార్మోగింది. ముందువరసలో కుర్రాళ్లు కొందరు నిజంగానే రాసుకున్నారు. చిత్తం గారికి పగ తీరిన సంతోషం కలగాలి. కలిగింది కూడా, కాదనలేం. కానీ దానికంటే ముందు పనిమంతుడి కన్ను పనిచేసింది. సుగంధ తైలం దాకా బాగానే ఉంది, ఇంగ్లీషువాళ్ల దగ్గర ఎక్కువైంది, అనుకున్నారు. ఆ వంగుడు మరీ కొత్తవాడి వంగుడు, మోకాలు సడలించకుండా వంగితే రేపు నడుం పట్టేస్తుంది. ఆ తరవాత, ఎందుకో, కాస్త జాలేసింది. తనకి ఈ పని చేసినందుకు నెలనెలా జీతమొస్తుంది. ఆ మహానుభావుడు ఇంకా అప్లికేషన్ దశలోనే ఉన్నాడు.

సభ అయ్యాక లెక్చరరు వరండాలోకి వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు. చొక్కా తడిసిపోయింది. చిత్తం గారు గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. మామూలుగా ఇచ్చారు, ఒక చేత్తోనే.

లెక్చరరు గటగటా తాగి, గొంతు తగ్గించి, "తమ్ముడూ, అది వేదిక కదా. నలుగురిలో పెద్దావిడని చిన్నబుచ్చితే బాగుండదు. నీకు తెలియనిదేముంది" అన్నాడు.

"అవునన్నయ్యగారూ, నాకు తెలుసు."

"ఇంట్లో ఎవరికీ ఈ మాట... ముఖ్యంగా మీ వదినకి, అత్తగారికి..."

"నేను చెప్పనండీ. ఒట్టు." చిత్తం గారు ఖాళీ గ్లాసు అందుకున్నారు. "కానీ మీ మరదలు మూడో వరసలో కూర్చుంది."

లెక్చరరు గభాలున హాల్లోకి తొంగిచూశాడు. మూడో వరసలో చిత్తం గారి భార్య ఫోను చెవికి ఆనించుకుని, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "కాదమ్మా, మొదటినుంచీ చెప్తా విను" అంటోంది.